మస్తానాబీ వేళ్లు

రేడియోలు బాగుచేసే జమాల్ సాబ్ పెళ్లానికి వాతలు పెడతాడని కళ్యాణదుర్గంలో ఆ వీధంతా చెప్పుకునేది. మస్తానాబీ వేళ్ల నిండా కాలిన మచ్చలు. బావి దగ్గర ఎవరైనా అడిగితే చేతులు కొంగులో దాచుకుని నవ్వేది. పొద్దుగూకేసరికి ఆ ఇంట్లోంచి ఆడగొంతు చీరుకుపోయినట్టు ఒక అరుపు, దాని కింద నేల అదిరే మూలుగు వినిపించేవి.

ఒక సాయంత్రం ఆమె అన్న హుస్సేన్ బాషా అరుపు విని తలుపు విరగతన్నాడు. "నా చెల్లెల్ని కాలుస్తాండావంట గదరా!" అంటూ కర్రతో జమాల్ మోచేయి విరగ్గొట్టాడు. జమాల్ నెత్తురోడుతూ ఒక చెక్కపెట్టె మీద బోర్లా పడ్డాడు. "నన్ను కొట్టు బావా, ఈ పెట్టెను కొట్టొద్దు!" బాషా మళ్లీ కర్ర ఎత్తాడు. మస్తానాబీ కుంపట్లోంచి ఎర్రటి కడ్డీ తీసి అన్న ముంజేతికి ఆనించింది. చర్మం చుయ్యిమంది. కర్ర కింద పడింది.

"యాడ నేర్చినావే ఇది?" అన్నాడు బాషా ఏడుస్తూ.

పాత రేడియో బల్బులకు ఆ కడ్డీతో తీగలు అతికి, వేళ్లు కాల్చుకుంటూ, ఆడగొంతుతో అరిచే ఆ వాయిద్యం పెట్టెను చేసింది మస్తానాబీ. ఆమె వాయిస్తుంటే జమాల్ సాబ్ పక్కన కూర్చుని, మూలుగు కోసం పెట్టె కింది చెక్కలను కాలితో తొక్కేవాడు, అంతే.