అక్షింతలు పుచ్చుకున్న ఊరు

వరహాలమ్మకి ఎదురుపడిన మనిషి చేతిలో ఏదో ఒకటి పెట్టకపోతే తోచేది కాదు. బెల్లం ముక్కో, గుప్పెడు అటుకులో, ఏమీ లేకపోతే చల్లటి నీళ్ళో. అందుకు తగ్గట్టే రాయపూర్ స్టేషన్లో ఎండాకాలం ప్రయాణికులకి నీళ్ళు పోసే ఉద్యోగమే దొరికింది ఆమెకి. మొగుడు సూరిబాబు గ్యాంగ్‌మన్. పాతపట్నం దగ్గర పల్లె నుంచి ఆమెను ఈ ఊరికి తీసుకొచ్చి, నాలుగేళ్ళు కాపురం చేసి, పట్టాల మీదే ప్రాణం వదిలాడు. ఆ చావుకి బదులుగా వచ్చిందే ఈ ఉద్యోగమూ, ఒక గది క్వార్టరూ. ఈ రెండూ పోతే ఆమెకి ఈ దేశంలో నిలువ నీడ లేదు.

కాలనీలో మనవాళ్ళు ఎక్కువ. అందరూ సిక్కోలు, విజయనగరం వైపు నుంచి రైలు పట్టుకుని వచ్చినవాళ్ళే. వాళ్ళంతా కలిసి రేకుల షెడ్డులో రాముడి గుడి ఒకటి కట్టుకుని, రామ భజన సమాజం అని పేరు పెట్టుకున్నారు. స్థలం రైల్వేది, కాగితమంటూ ఏదీ లేదు. సమాజానికి పెద్ద రామ్మూర్తి గారు, వ్యాగన్ రిపేరు షాపులో హెడ్ క్లర్కు. మనిషి చెడ్డవాడేం కాదు, కానీ అబ్బో, ఆయన భయాలు ఆయనకుండేవి! గుడి గోడకి మేకు కొట్టాలన్నా అటూ ఇటూ చూసి కొట్టించేవాడు.

ఎనభై ఏడులో శ్రీరామనవమి అయిన మర్నాడు బాగ్‌బాహరా నుంచి గ్యాంగ్‌మన్ చిన్నారావు కబురు పట్టుకొచ్చాడు. అక్కడికి కోసెడు దూరంలో అడవి అంటుకుందట. ఇప్పపూలు రాలే రోజులు కదా, పూలు ఏరుకోవడానికి వీలుగా చెట్ల కింద ఎండుటాకులకి నిప్పు పెట్టడం అక్కడ తరతరాల అలవాటు. ఏ చెట్టు కింది నిప్పో గాలికి లేచింది. అడవితోబాటు ఓ చిన్న పల్లె మొత్తం బూడిదైపోయింది.

కల్యాణానికి వచ్చిన బియ్యం ఇంకా గుడిలోనే ఉన్నాయి. పాత బట్టలు ఇంటింటా పోగుచేశారు. ఆదివారం విజయనగరం ప్యాసింజరెక్కి సమాజంవాళ్ళు బయలుదేరారు. వరహాలమ్మ కూడా వెళ్ళింది, సీతారాముల తలంబ్రాలు మిగిలినవి కొంగున మూట కట్టుకుని.

పల్లె చేరారు. మట్టిగోడలు నిలబడి ఉన్నాయి, పైన కప్పు అన్నది లేదు. కాలిన దూలాలు ఇంకా కమురు వాసన కొడుతున్నాయి. పల్లెవాళ్ళు ఓ మూలకి ఒదిగి కూర్చున్నారు. అంతకుముందే ఎవరెవరో వచ్చి 'అడివి తగలెట్టింది మీరే కదా' అని నానా మాటలూ అని వెళ్ళారట. సమాజంవాళ్ళు బియ్యం కొలిచారు, బట్టలు పంచారు. రామ్మూర్తి గారు దండం పెట్టి, "మన చేతనైంది చేశాం. ఇక వాళ్ళ అదృష్టం," అన్నాడు.

వరహాలమ్మకి అంతటితో మనసు ఒప్పలేదు. కొంగు విప్పి, ఆ పసుపు బియ్యం ఒక్కొక్కరి చేతిలో చిటికెడు చిటికెడు పెట్టుకుంటూ వెళ్ళింది. దేవుడి అక్షింతలు, తల మీద చల్లుకుంటే మేలు జరుగుతుందని ఆమె ఉద్దేశం. వాళ్ళెవరూ తల మీద చల్లుకోలేదు. రెండు చేతులా పుచ్చుకుని, కళ్ళకద్దుకుని, బట్ట చెంగున ముడి వేసుకున్నారు. సుకవారో అనే ముసలామె అయితే వరహాలమ్మ కాళ్ళు కూడా ముట్టుకుంది. ఎంత భక్తో అనుకుని వరహాలమ్మ మురిసిపోయింది.

కొన్నాళ్ళకి, పొద్దున్న డ్యూటీలో, ప్యాసింజరు ఆగీ ఆగగానే ఆమె బిందె ఎత్తుకుని కిటికీల వెంట పరుగెత్తింది. చివరి పెట్టెలోంచి జనం దిగుతున్నారు. ముందు పల్లె పెద్ద బిసాహు, వెనక సుకవారో, ఆ వెనక ఆడా మగా, చంకన పిల్లలతో, ఊరు ఊరంతా! అందరి ఒంటి మీదా సమాజంవాళ్ళు పంచిన బట్టలే, శుభ్రంగా ఉతికి కట్టుకున్నారు. టీసీ వాళ్ళను అక్కడే నిలబెట్టేశాడు. ఓరి దేవుడా, టికెట్టు లేకుండా వచ్చుంటే ఇక చచ్చామే అని వరహాలమ్మ పరుగున వెళ్ళింది. బిసాహు టికెట్ల కట్ట తీసి టీసీ చేతిలో పెట్టాడు.

అప్పుడు చూసింది వరహాలమ్మ. సుకవారో కాళ్ళకి ఆ రోజు వెండి కడియాలుండేవి. నిప్పులోంచి బయటపడిన సొత్తు ఆ పల్లె మొత్తానికి అదొక్కటే. ఇప్పుడు కడియాలున్న చోట చర్మం తెల్లగా గీతలు పడి ఉంది.

"ఇదేటి దాయీ, ఎక్కడికి?" అంది, తెలుగూ హిందీ కలిపి.

సుకవారో నవ్వి, చెంగు ముడి విప్పి పసుపు బియ్యం చూపించింది. "నేవతా దే రహేవ్ న దాయి!" పిలుపు నువ్వే ఇచ్చావు కదమ్మా, అని.

పక్కనున్న కూలీ పకపకా నవ్వి విడమరిచి చెప్పాడు. ఈ దేశంలో పసుపు బియ్యం చేతిలో పెట్టడమంటే విందుకి పిలవడమే. పెళ్ళికైనా, పూజకైనా అంతే. గడప తొక్కి చేతిలో పెట్టిన బియ్యాన్ని కాదనరు, కాదంటే తప్పు. వరహాలమ్మ బిందె కింద దించింది. ఇన్నేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటూ, మనవాళ్ళ మధ్యే తిరుగుతూ, పొరుగువాడి ఆచారం ఇంత కూడా తెలుసుకోని తన బతుకు మీద తనకే ఏవగింపు కలిగింది. మరి వీళ్ళని ఏం చెయ్యాలి? ముప్పై మంది దాకా ఉన్నారు. డ్యూటీకి సెలవు చెప్పి, వాళ్ళని వెంటబెట్టుకుని గుడి వైపు దారి తీసింది.

కబురు వాళ్ళకన్నా ముందే చేరింది. గుడి గేటుకి తాళం పడింది. తాళానికి ఇవతల రామ్మూర్తి గారు, చెమటలు కక్కుతూ.

"ఏం పని చేశావు వరహాలమ్మా! ఇంతమంది ఇక్కడ దిగబడితే రేపు పాకలు వేస్తారు. పైవాళ్ళు చూస్తే పాకలతో పాటు గుడి కూడా పీకేస్తారు. ఇరవై ఏళ్ళ గుడి! నాలుగు పూటలు తిండి పెట్టి ఎవడు సాగనంపుతాడు వీళ్ళని?"

"బాబూ, అక్షింతలు ఎట్టింది నానే. తెలక ఎట్టినాను. గుండిగలు ఇవ్వండి, ఒక్క పూట వండి పెడతాను."

"తాళం తియ్యను. నువ్వు పిలిచావు, నువ్వే పంపించు. పొరపాటైందని చెప్పు. లేదూ, నీ క్వార్టర్లో పెట్టుకుంటానంటావా, బయటి మనుషుల్ని ఉంచుకున్నావని నేనే రిపోర్టు రాయాల్సొస్తుంది. తర్వాత నన్ననకు."

క్వార్టరు పోతే ఉన్న ఆ ఒక్క నీడా పోతుంది. ఆయన అన్నంత పనీ చేస్తాడని ఆమెకి తెలుసు. పొరపాటని చెప్పడం ఎంతసేపు? ఒక్క మాట. ఎండలో గోడవార నిలబడ్డ బిసాహు దగ్గరికి వెళ్ళింది. నోరు తెరిచింది.

ఆమె మొహం చూసి బిసాహే ముందు మాట్లాడాడు, ఆమెకి అర్థమయ్యేలా మెల్లగా, హిందీలో. "అమ్మా, నిప్పు పడ్డాక మా దగ్గరికి చాలామంది వచ్చారు. తిట్టినవాళ్ళు తిట్టారు, పెట్టినవాళ్ళు పెట్టారు. మమ్మల్నీ మనుషులుగా లెక్కపెట్టి, మా ఇంటికి రండని పిలిచింది నువ్వొక్కదానివే. ఇల్లు కాలినవాడిని ఎవరు పిలుస్తారు? అందుకే ఒక్కరం కూడా ఆగకుండా వచ్చేశాం. సాయంత్రం బండికి వెళ్ళిపోతాం."

వరహాలమ్మ తెరిచిన నోరు మూసుకుంది. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి. సాయంత్రం బండికి వెళ్ళిపోతారట! విందు తిని పోవడానికి వచ్చినవాళ్ళని పట్టుకుని, పాకలేస్తారనీ, గుడి పీకిస్తారనీ ఎన్ని మాటలన్నారు! ఆ మాటే రామ్మూర్తి గారితో చెబితే ఆయన నమ్మలేదు. "అందరూ అలాగే అంటారు," అన్నాడు.

"అయితే మీరు రాసుకోండి బాబూ, ఆ రిపోర్టేదో. ఉద్దోగం పోతే పోనీండి," అని విసురుగా తిరిగింది. వాళ్ళతో, "రండి దాయీ. పిలిచింది నాను. నా ఇంటికే రండి," అంది.

చెప్పడానికి బాగానే ఉంది. ఇంట్లో ఏముంది? రేషన్ బియ్యం సగం డబ్బా, ఆవకాయ జాడీ, రెండు చిన్న గిన్నెలు. క్వార్టరు ముందు వేపచెట్టు నీడన అందరినీ కూర్చోబెట్టి, మూడు రాళ్ళు పెట్టి పొయ్యి వెలిగించింది. ఇంకేముంది, లైనులో తలుపులన్నీ ఓరగా తెరుచుకున్నాయి. కళ్ళు కనిపిస్తున్నాయి గానీ కాళ్ళు బయటికి రావడం లేదు. రామ్మూర్తి గారి మాట కాదని ఎవరొస్తారు? మొదటి గిన్నె అన్నం ఉడికింది. అది పది మందికి కూడా చాలదు. బియ్యం డబ్బా అడుగు కనబడుతోంది. పిలిచి పస్తు పంపే పాపం ఎక్కడ చుట్టుకుంటుందో అనుకుంటూ ఎసట్లో బియ్యం పోసింది.

పక్క క్వార్టరు తాయారమ్మ పేడతట్ట ఎత్తుకున్నట్టు మొహం ముడుచుకుని వచ్చి, పప్పు గిన్నె ధడాలున అక్కడ పెట్టింది. "మా ఆయన ఇంట్లో లేడు. ఉంటే రానిచ్చేవోడు కాడు. వేగం ఒంపుకుని గిన్నె ఇచ్చెయ్యి," అని చటుక్కున లోపలికి పోయింది. కాసేపటికి ఎవరిదో బియ్యం మూట గోడ మీంచి దిగింది. ఎవరిదో పెద్ద గిన్నె వచ్చింది. ఎవరూ నిలబడలేదు. వరహాలమ్మ మాత్రం చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి గంటె తిప్పుతూనే ఉంది.

మోదుగాకుల విస్తళ్ళు సుకవారో వాళ్ళే అప్పటికప్పుడు పుల్లలతో కుట్టారు. వరసగా కూర్చున్నారు. అన్నం వడ్డన సగంలో ఉండగా వీధి మలుపులో రామ్మూర్తి గారు కనిపించాడు. చంకలో కాగితాలు. కోపంగా ఉన్నాడో, భయంగా ఉన్నాడో చెప్పలేం. చెట్టు దాకా వచ్చి ఆగిపోయాడు.

వరహాలమ్మ చేతిలో గంటె ఆగింది. అయిపోయింది, రాసే వచ్చాడు అనుకుంది. తలుపుల వెనక కళ్ళన్నీ ఆయన మీదే. పంక్తిలో వడ్డన అయినవాళ్ళున్నారు, ఆకలితో ఉన్న పిల్లలున్నారు. ఒక్క చెయ్యి కూడా అన్నం ముట్టలేదు.

బిసాహు వరహాలమ్మని పిలిచి మెల్లగా అడిగాడు. "ఆ బాబు ఆ రోజు మా ఊరు వచ్చినాయనే కదూ? మాకు దండం పెట్టాడు. మీ ఇంటి పెద్దేనా? ఎండలో నిలబడ్డాడేం? ఆయన్ని పిలవలేదా?"

పిలవలేదని ఎలా చెబుతుంది? ఆయన తాళం వేశాడని ఎలా చెబుతుంది? ఆ గేటు అసలు తమ కోసమే మూశారని బిసాహుకి ఇంతవరకూ తట్టనే లేదు.

ఆమె జవాబు కోసం బిసాహు చూడలేదు. పక్కకి జరిగి, తన విస్తరి రామ్మూర్తి గారి వైపు తిప్పి, తాను కూర్చున్న గోనెసంచీని అరచేత్తో దులిపాడు. "బైఠ్ బాబూ. నేవతా సబో ఝన్ బర్ హే."

కూర్చో బాబూ, పిలుపు అందరికీ.

రామ్మూర్తి గారు కదలలేదు. పంక్తంతా ఆయన కోసం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆకలికి ఓ పసిబిడ్డ ఏడుపు అందుకుంది, తల్లి నోరు మూసి జోకొట్టింది, అయినా తినలేదు. ఆ ఏడుపు వింటూ ఎంతసేపు నిలబడగలడు ఏ మనిషైనా? చెప్పులు విడిచాడు. కాగితాలు నాలుగు మడతలు పెట్టి జేబులో కుక్కుకున్నాడు. బిసాహు పక్కన గోనెపట్టా మీద చతికిలబడ్డాడు. వరహాలమ్మ గంటెతో ముందుకి వంగితే, చెయ్యి అడ్డం పెట్టాడు.

"నాకు తరవాత," అన్నాడు, తలెత్తకుండా. "ఆకు నాకిచ్చి ఈయన ముందేమీ లేకుండా కూర్చున్నాడు. ముందు ఈయనకి ఆకు వెయ్యి." బిసాహు వైపు తిరిగి అడిగాడు, "వానలు పడేలోగా మీ ఇళ్ళకి కప్పులు వేసుకోవాలి కదా, వెదురు ఎక్కడ దొరుకుతుంది?"

బిసాహు నవ్వి, తినేటప్పుడు ఆ మాటలెందుకన్నట్టు చెయ్యి ఊపాడు. "పహిలీ ఖా బాబూ," అన్నాడు. ముందు తిను.