జెండా పరీక్షలో తప్పాను

డెబ్బైల్లో నల్లగండ్ల దగ్గర రోడ్డు వేస్తున్నప్పుడు, మలుపులో ఎర్ర జెండా పట్టుకుని బండ్లను ఆపడం నా పని. అప్పుడు నేను ఆరు నెలల కడుపుతో ఉన్నాను. ఇకపై శిక్షణ తీసుకుని పరీక్ష పాసైన వాళ్లకే జెండా ఇస్తామని, తప్పిన వాళ్లు కంకర తట్టలు మోయాలని కొత్త రూలు వచ్చింది.

శిక్షణ అయ్యాక ఆఫీసరు రోడ్డు పక్కనే నోటి పరీక్ష పెట్టాడు.

“నువ్వు జెండా ఎత్తినప్పుడు నా జీపు వస్తే ఏం చేస్తావ్?”

నా ముందు వాళ్లంతా “సలాం కొట్టి పంపిస్త సార్” అన్నారు. నేను “ఆపుత” అన్నాను.

“ఫెయిల్! రేపటి నుంచి తట్ట మొయ్యి.”

ఒళ్లు మండిపోయింది. వెళ్లి మలుపులో నిలబడ్డాను. కాసేపటికి ఆయన జీపే వచ్చింది. మలుపు అవతల రోలరు వెనక్కి వస్తోంది. జెండా ఎత్తాను. హారన్ కొడుతూ జీపు నా కుచ్చిళ్ల దాకా వచ్చినా కదల్లేదు.

“ఎవరి జీపో తెలియదా?” అని అరిచాడు.

“ఫెయిలైనదాన్ని సార్, ఎవలను ఇడ్వాల్నో నాకేమెరుక? జర ఆగుండ్రి.”

అంతలో రోలరు చక్రం మలుపు దాటి కనిపించింది. ఆయనే జీపును రెండడుగులు వెనక్కి తీయించాడు.

మర్నాడు నా నెత్తిన తట్టే పెట్టారు. కానీ సలాం కొడతానని పాసైన మనిషే జెండా ఎత్తి ఆయన జీపును ఆపడం, ఆ తట్టతోనే నిలబడి చూశాను.

ఈ వయసులో మళ్లీ ఆ పరీక్ష పెట్టినా, ఫెయిలవడానికి నేను సిద్ధమే.