ఆఖరి పేజీ ఫొటో

సూరత్‌లోని గోడాదరాలో మరమగ్గాలు, అదే సాంచాలు, నడిపే తెలుగు కార్మికులను అంబదాస్ ఎవరని అడిగితే చాలు, నోట్లో ముద్ద ఉన్నవాడు కూడా మింగేసి చెబుతాడు. వాట్సాప్ గ్రూపు నడిపేది అతనే మరి! ఊరికి పోయే బండి ఆలస్యమైనా, ఎవరికైనా రక్తం కావలసినా, ఎక్కడ గది ఖాళీ అయినా కబురు అతని ఫోన్ నుంచే రావాలి. జీవితంలో అతను సంపాదించుకున్న పదవి అదొక్కటే. దాన్ని మాత్రం సర్పంచి గిరీలాగే వెలగబెట్టాడు. పొద్దున్నే పూల బొమ్మలు పంపినవాణ్ణి గ్రూపులోనే నిలబెట్టి దులిపేవాడు.

కరీంనగర్ దిక్కు పల్లె నుంచి మీసాలు రాకముందే సూరత్ వచ్చాడు. అక్క ఎల్లవ్వ చేతి అన్నం తిని, బావ లస్మయ్య పక్కన నిలబడి మరమగ్గం నడపడం నేర్చుకున్నాడు. ఈనాటికీ బావా బామ్మర్దులది ఒకే సేఠ్ దగ్గర, ఒకే షెడ్డులో పని.

గ్రూపులో ఒక కట్టుబాటు ఉంది. ఎవరైనా పోతే శవాన్ని ఊరికి పంపడానికి అందరూ చందా వేస్తారు. వేసినవాడు వేసినట్టు ఫోన్ తెర ఫొటో తీసి గ్రూపులో పెట్టాలి. ఫొటో పెట్టనివాడు ఇవ్వనట్టే లెక్క. ఈ కట్టుబాటు పెట్టింది అంబదాసే.

అలాంటి అంబదాస్‌ను వెతుక్కుంటూ ఒకనాడు శ్రీప్రియ వచ్చింది. తెలుగు డాక్టరుగారి కూతురు, జనం ఆరోగ్యం మీద ఏదో పెద్ద చదువు చదువుతోంది. సాంచాల కార్మికుల చెవులు, కళ్ళు, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి ఆన్‌లైన్‌లో ప్రశ్నలు తయారు చేసింది. ఆ లింకును గ్రూపులో పంచిపెట్టమని అడిగింది. పేరు అడగబోననీ, ఎవరు ఏం రాశారో తనకూ తెలియదనీ ఒట్టేసినట్టు చెప్పింది. చదువుకున్న పిల్ల టీ కొట్టు దాకా వచ్చి అంకుల్ అంటే అంబదాస్ ఉబ్బిపోడా? ఉబ్బిపోయాడు.

ఆ ప్రశ్నల తెలుగు మాత్రం దేవుడికే తెలియాలి. శ్రవణ సామర్థ్యమట, దృష్టి మాంద్యమట! పాపం ఆ పిల్ల ఎక్కడ ఏరుకొచ్చిందో. అంబదాస్ ఒక్కో ప్రశ్నకూ తన గొంతుతో అర్థం చెప్పి గ్రూపులో పెట్టాడు. అంతటితో ఆగినా బాగుండేది. చందాల అలవాటు ఎక్కడికి పోతుంది? రాసినవాళ్ళందరూ ఆఖరున ధన్యవాదాలని వచ్చే పేజీ ఫొటో పెట్టాలనీ, పెట్టనివాడు రాయనట్టేననీ హుకుం వేశాడు. ఆ పిల్ల అడగలేదు. తెలిస్తే వద్దనేది కూడా.

తనూ రాశాడు. చెవుల ప్రశ్న దగ్గర వేలు ఆగింది. సాంచాల రొదకు అతని ఎడమ చెవి చచ్చిపోయి చాలా ఏళ్ళయింది. అది బయటపడితే పని ఏమవుతుందో అతనికి తెలుసు. ఈ లింకు ఎక్కడికి పోతుందో, ఎవరు చూస్తారో ఏమో అనుకుని, బాగా వినబడుతుందని నొక్కేశాడు.

ఫొటోలు బిలబిలా వచ్చాయి. లస్మయ్యదొక్కటే రాలేదు.

లస్మయ్య కళ్ళను షుగరు తినేసిందని ఎల్లవ్వకూ అంబదాస్‌కూ తప్ప ఎవరికీ తెలియదు. వాళ్ళవి పాత సాంచాలు. పోగు తెగితే వాటంతట అవి ఆగవు, మనిషే కనిపెట్టి ముడి వేయాలి. లస్మయ్య కళ్ళకు పోగు ఆనదు. అందుకని సాగదీసిన పోగుల మీద అరచేత్తో నిమురుతూ నడిచేవాడు. చేతికి వదులు తగిలిన చోట తెగినట్టు. చూసేవాళ్ళు ముసలాయనకు సాంచా మీద ఎంత ప్రేమో అనుకునేవారు. చిన్నబిడ్డ కరుణ నర్సింగు చదువు పూర్తయ్యేదాకా ఇలాగే గుట్టుగా నెట్టుకు రావాలని ఆ మొగుడూపెళ్ళాల తాపత్రయం.

అది తెలిసి కూడా అంబదాస్ ఊరుకోలేదు. బావది ఇంకా రాలేదని, అలిగిన అల్లుణ్ణి బతిమాలినట్టు బతిమాలాలా అని గ్రూపులో అందరి ముందూ పరాచికాలాడాడు. అన్నాల వేళ లస్మయ్య మెల్లగా పక్కకు వచ్చాడు.

"కండ్ల కాడ ఏం రాయాల్రా?"

"నిజమే రాయి బావా. పేరుండది గద."

మరునాడు పనికి వచ్చేముందు లస్మయ్య గడప మీద కూర్చుని, ఫోన్‌లో అక్షరాలను గుమ్మడికాయలంత చేసుకుని రాశాడు. సగంలోనే అయిపోయిందనుకుని ఒక ఫొటో తీశాడు. నిజంగా అయిపోయాక ఇంకొకటి తీశాడు. పంపేటప్పుడు రెండూ ఆయనకు ఒకే తెల్ల మరకలాగా కనిపించాయి. ఒకటి గ్రూపులో పెట్టి పనిలోకి దిగాడు.

షెడ్డులోకి పోయేవాళ్ళు ఫోన్లు గుమ్మం దగ్గర పెట్టెలో పడేసి పోవాలి. పని దిగి ఫోన్ తీసుకున్నాక గానీ అంబదాస్ చూడలేదు. పైన, పంపినవాడి చోట బావ పేరు. కింద, తెగిన పోగు కనబడుతుందా అన్న ప్రశ్న. దాని కింద, కనబడదని జవాబు. వెంటనే తుడిచేశాడు. కానీ షెడ్డు అజమాయిషీ చూసే మాస్టర్ పరుశురాం ఫోన్ పెట్టెలో పెట్టడు. అతనిదీ ఆ గ్రూపే.

పరుశురాం చెడ్డవాడేం కాదు. బట్టలో వస్తున్న తప్పులకు సేఠ్ తిట్లు పడుతున్నది అతనే. చూసింది చూసినట్టు సేఠ్‌కు చెప్పాడు. మర్నాడు లస్మయ్య సాంచాల దగ్గర వేరే మనిషి నిలబడి ఉన్నాడు. లస్మయ్యను ఇక రావద్దన్నారు. ఆయన సాంచా మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయాడు.

అంబదాస్ సాయంత్రం అక్క ఇంటికి పోయాడు. కరుణ కాలేజీ సంచి పక్కన పెట్టుకుని గోడకు ఆనుకుని ఉంది. ఎల్లవ్వ మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు.

"నీ ఫొటోలు పాడుగాను. మీ బావ కండ్ల సంగతి ఇన్నేండ్లు కడుపుల దాసిన. నువ్వొక్క పూటల ఊరంతటికి జూపిచ్చినవ్."

లస్మయ్య మాత్రం తనకే ఫొటో కనబడలేదని, వాణ్ణి ఏమనవద్దని అన్నాడు. అక్క తిట్టు కంటే ఆ మాటకే అంబదాస్‌కు ఏడుపొచ్చింది.

కొన్నాళ్ళకు శ్రీప్రియ ఫోన్ చేసింది. అంబదాస్ షెడ్డు ఎదుట టీ కొట్టు దగ్గర ఉన్నాడు, పక్క బల్ల మీద పరుశురాం. అనుకున్నదానికన్నా ఎక్కువమంది రాశారని ఆ పిల్ల సంతోషపడింది. అందరికీ చెవులు, కళ్ళు, దమ్ము అన్నీ భేషుగ్గా ఉన్నాయని రాశారట. తనే ఆశ్చర్యపోయిందట.

"ఒక్కరే కళ్ళు కనబడవని పెట్టారు అంకుల్. పొరపాటున నొక్కినట్టున్నారు. తీసేయమంటారా?"

బావ ఏళ్ళ తరబడి సాంచా నడిపి సంపాదించుకున్నది పోయింది. మిగిలింది ఆ ఒక్క జవాబు. అదీ తీసేస్తారట.

"తియ్యకు బిడ్డా. అండ్ల నిజం రాసింది ఆయినె ఒక్కడే."

మరి మిగతావాళ్ళ సంగతేమిటని ఆ పిల్ల అడిగింది. అంబదాస్ పరుశురాం వైపు చూశాడు. ఫోన్‌ను కుడి చెవికి గట్టిగా నొక్కుకున్నాడు.

"ఒకల సంగతి నాకెందుకు, నాది చెప్త. నా ఎడమ చెవి ఇనబడక శాన ఏండ్లాయె. నేను అబద్ధం ఒత్తిన."

వినబడని మనిషి కదా, తన గొంతు ఎంత పెద్దదో తనకు తెలియదు. టీ కొట్టంతా వినబడేలా చెప్పాడు. పరుశురాం గ్లాసు కింద పెట్టి అతని వంకే చూస్తున్నాడు.