లింగప్ప ప్రవేశం

మా కాలేజీ అటెండరు లింగప్ప తలమీది రుమాలు తీయగా నేనెప్పుడూ చూడలేదు. దాని కింద పెద్ద మచ్చ ఉందంటారు. ఎవరడిగినా "బోరు పైపు తగిలె మేడమ్" అంటాడు. శుద్ధ అబద్ధం! మూడు బోర్లు ఎండినా నాలుగోది వేయిస్తానని లింగప్ప మొండికేస్తే, కొడుకు హరినాథ్ పార తిరగేసి కొట్టాడని ముదిగుబ్బలో పసిపిల్లలకు కూడా తెలుసు. కొడుకును పోలీసులు పట్టుకుపోతారని ఆ అబద్ధం. ఆ హరినాథే మా కాలేజీ బస్సు డ్రైవరు. తొమ్మిదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు.

నేను ఇంగ్లీషు చెబుతాను. కోపం నా ముక్కుమీదే ఉంటుంది. వందేళ్లు దాటిన ఐర్లండు నాటకాన్ని మన యాసలోకి మార్చి, పిల్లలతో వేదిక మీద చదివిద్దామంటే ప్రిన్సిపాల్ గారు హడలిపోయారు. తండ్రిని చంపి వచ్చానన్న కుర్రాణ్ణి ఊరంతా నెత్తిన పెట్టుకునే కథ. తీరా చూస్తే ఆ తండ్రి తలకు కట్టుతో తిరిగొస్తాడు. అప్పట్లో వాళ్ల దేశంలోనే జనం రచ్చరచ్చ చేశారు.

"ఈడ ఊరకుంటారామ్మా జనం?"

"కొడితే నన్నే కొట్టమనండి సార్" అన్నాను.

తండ్రి మాటలు పిల్లల నోట చప్పగా ఉన్నాయి. ఒకప్పుడు ఊళ్లలో రాత్రంతా ఆడే బయలాటలో రాజు వేషాలు కట్టిన లింగప్పను ఆ మాటలు చదవమని అడిగాను. ఇది అతని కథే అని తెలిసే అడిగాను. అడిగాక భయమేసింది. అతను కథంతా విని, "సరే మేడమ్" అన్నాడు.

నాటకం రోజు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. హరినాథ్ వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. లింగప్ప కాగితాలతో వేదిక మధ్యకు వచ్చి ఆగాడు. నోరు మెదపడు. పక్కనుంచి మొదటి మాట అందించాను. ఊహూ! అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. బయలాటలో వేషం రాగానే, ఆట నడిపే సారథి 'ఎవరు స్వామీ తమరు?' అని అడగాలి. అడగందే రాజైనా పలకడు. నా నాటకంలో సారథి ఏడీ? పిల్లలు కిసుక్కున నవ్వారు.

వెనక గోడ దగ్గర్నుంచి గొంతు లేచింది.

"వచ్చినవారు ఎవరు స్వామీ? తమది ఏ ఊరు? ఈ సభకు వచ్చిన పనేమి?"

హరినాథ్! చిన్నప్పుడు తండ్రి ఆటలకు సారథి వాడే.

లింగప్ప కాగితాలు కింద పెట్టాడు. రుమాలు విప్పాడు. నుదుటి నుంచి నడినెత్తి దాకా మచ్చ.

"కొడుకు చేత దెబ్బ తినిన తండ్రిని స్వామీ. వాణ్ణి ఎతుక్కుంటా వచ్చినా. తప్పు నాదేనని చెప్పి పోదామని."

ఆ చివరి మాట నాటకంలో లేదు. నేను బాహాటంగానే ఏడ్చాను. ప్రిన్సిపాల్ గారు భయపడ్డ గొడవేమీ జరగలేదు.

నాటకం అయ్యాక లింగప్ప ఉత్త తలతో గేటు వైపు నడుస్తుంటే, కాలేజీ బస్సు పక్కన వచ్చి ఆగింది. హరినాథ్ వంగి ముందు తలుపు తీశాడు.

"ఎండ నెత్తికెక్కుతాంది నాయనా, రుమాలు కట్టుకో. ఎక్కు, ఇంటికి పోదాం."