పడమటి వరస బెంచీలు

బెంచీ మీద కూర్చోగానే రాయి చల్లదనం ప్యాంటులోంచి ఒంటికి తగిలింది. జులై నెల, మధ్యాహ్నం నాలుగు దాటింది, ఎండ మండిపోతోంది. బెంచీ మాత్రం కుండలో నీళ్ళలా చల్లగా ఉంది. ఇటలీ పడమటి తీరంలో ఇదొక చిన్న ఊరు. ఆఫీసు పని మీద దగ్గర్లోని నగరానికి వచ్చి, ఒక రోజు మిగుల్చుకుని, రైలెక్కి పనిగట్టుకుని వచ్చాను. సముద్రానికి ఒక వరస వెనకగా బళ్ళు తిరగని బజారు వీధి. రెండు పక్కలా అద్దాల దుకాణాలు, వాటిలో చేతిసంచులు, చెప్పులు, కళ్ళజోళ్ళు. ఐస్‌క్రీం తింటూ, ఎక్కడికీ తొందర లేనట్టు నడిచే జనం. సముద్రం వైపు, అంటే పడమటి వైపు, దుకాణాల నీడలో వరసగా బెంచీలు. ఈ వీధిలో నేను అడుగు పెట్టడం ఇదే మొదటిసారి. అయినా దీని ప్రతి మలుపూ నాకు తెలుసు. ఇరవై ఏళ్ళ క్రితం సౌదీలో కూర్చుని దీన్ని గీసింది నేనే. గీయించినది, జన్మలో ఇటలీ మొహం చూడని జీవరత్నం మేస్టారు.

దమ్మామ్‌లో ఒక డిజైన్ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరేటప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. కాకినాడలో కంప్యూటర్ మీద డ్రాయింగ్ నేర్చుకున్న పొగరు బాగా ఉండేది. మేస్టారిది నరసాపురం. యాభై అయిదేళ్ళు దాటాయి. పెద్ద డిగ్రీలేం లేవు, చెక్క బల్ల మీద టీ-స్క్వేర్‌తో గీసి పైకొచ్చిన మనిషి. తెల్ల పొట్టి చేతుల చొక్కా, జేబులో ఎర్ర పెన్సిలు. తెర మీద ఏదీ చూసేవారు కాదు, కాగితం మీద తీసి ఇమ్మనేవారు. తెర మీద అంతా బాగానే కనిపిస్తుందట. మొదటి వారంలో ఒక బడికి మరుగుదొడ్లు గీసి ఇచ్చాను. ఆయన పెన్సిలు నా చేతికిచ్చి, మొనని తలుపు దగ్గర పెట్టించి, "ఇప్పుడు నువ్వు ఆరేళ్ళ పిల్లాడివి. అర్జంటు. నడు," అన్నారు. నడిచాను. రెండో అడుగులోనే, లోపలికి తెరుచుకునే తలుపు వాష్ బేసిన్‌కి కొట్టుకుని ఆగిపోయింది. పిల్లాడు బయటే ఉండిపోయాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన నవ్వలేదు, తిట్టలేదు. తలుపు బయటికి తిప్పి గీసుకు రమ్మన్నారు, అంతే.

మేస్టారి భార్య కరుణమ్మ గారు దమ్మామ్‌లోనే ఒక ఆసుపత్రిలో నర్సు. అంతకు ముందు పదకొండేళ్ళు ఆయన నజ్రాన్‌లో, ఆవిడ దమ్మామ్‌లో. పేరుకి ఒకే దేశం, ఆ మూల నుంచి ఈ మూలకి. ఏడాదికోసారి సెలవులు కలిస్తే నరసాపురంలో నెల రోజులు చూసుకునేవారు. చివరికి, నేను చేరడానికి రెండేళ్ళ ముందు, ఆయన అక్కడి పెద్ద ఉద్యోగం వదిలేసి మా ఆఫీసులో చిన్న పోస్టులో చేరిపోయారు. ఆసుపత్రి వెనక రెండు గదుల ఇల్లు. ఆవిడ కాంట్రాక్టు ఇంకా మూడేళ్ళుంది, అది అయిపోగానే ఇద్దరూ కలిసి ఇంటికి వెళ్ళిపోవాలని లెక్క. "మా కాపురం ఇప్పుడే మొదలైంది ప్రసాదూ," అనేవారు నెరిసిన తల నిమురుకుంటూ. శుక్రవారం మధ్యాహ్నం నా భోజనం వాళ్ళింట్లోనే. ఆవిడ చేపల పులుసు పెట్టేవారు, ఆయన ముళ్ళు తీసి ఆవిడ కంచంలో వేసేవారు. నా ముందు ఆవిడ సిగ్గుపడేవారు. ఆయన మాత్రం మానేవారు కాదు.

అలా ఉండగా, వేసవికి ఇటలీ వెళ్ళొచ్చిన ఒక సౌదీ ఆసామి ముప్ఫై ఫోటోలు పట్టుకొచ్చి, దమ్మామ్ సముద్రం పక్కన తన స్థలంలో అచ్చం ఇలాంటి వీధే కావాలన్నాడు. మేస్టారు ఆ ఫోటోలు బల్ల మీద పరుచుకుని వారం రోజులు వాటిలోనే కాపురం పెట్టారు. ఫోటోలో ఒకడి బూటుని కొలబద్దగా పెట్టుకుని నేల పలకలు లెక్కేసి, వీధి వెడల్పు పద్నాలుగు మీటర్లని తేల్చారు. ఒక దుకాణం మీది గడియారంలో నాలుగున్నర చూసి, ఆ వేళకి నీడ ఎటు పడిందో వేలితో చూపించారు. అక్కడ సముద్రం పడమట, బెంచీలు సముద్రం వైపు వరసకి ఆనుకుని ఉన్నాయి, కాబట్టి సాయంత్రం నీడలో ఉంటాయి. మనకి సముద్రం తూర్పున. దుకాణాలూ దీపాలూ ఎటైనా తిప్పుకోవచ్చు గానీ, బెంచీలు మాత్రం ఇక్కడా పడమటి వరసకే ఉండాలి, అది మనకి ఊరి వైపైనా సరే అన్నారు.

బెంచీల కోసం అంత పట్టుదలేమిటో నాకు అర్థం కాలేదు. అదే అడిగాను. "ఇటలీ వాడికి బెంచీ సరదా. ఇక్కడ అవసరం," అన్నారు. నమాజు వేళయిందంటే బజారులో షట్టర్లన్నీ పడిపోతాయి, కొనేవాళ్ళు అరగంట బయట పడిగాపులు కాయాలి. సౌదీలో ఉన్నవాడికి ఇది చెప్పక్కర్లేదు, నేను మాత్రం ఆ అరగంటలో సిగరెట్టు కాల్చుకునేవాణ్ణి. పన్నెండు గంటల డ్యూటీ దిగి బజారుకొచ్చిన కరుణమ్మ గారు ఒకసారి మధ్యాహ్నం నమాజుకి షట్టరు పడితే, కాళ్ళు పీకి, కాలే సిమెంటు గట్టు మీద చతికిలబడ్డారట. పక్కనే నిలబడి ఏమీ చేయలేకపోయానని చెప్పారాయన. తర్వాత నా డ్రాయింగు తీసుకుని, పడమటి వరస పొడుగునా ఎర్ర పెన్సిలుతో నలభై గళ్ళు గీసి ఇచ్చారు.

ఇక నేను చేసిన పని చెప్పాలి. సముద్రం తూర్పుకి రావాలి కాబట్టి మొత్తం డ్రాయింగుని మిర్రర్ కొట్టాను. అంటే అద్దంలో బొమ్మలా కుడి ఎడమలు తిరగేయడం, కంప్యూటర్లో అరక్షణం పని. దాంతో బెంచీలు కూడా తిరిగి తూర్పు వరసకి పోయాయి. వాటిని మళ్ళీ ఒక్కొక్కటీ, వాటి కింది కరెంటు పైపులతో సహా, పడమటికి జరపాలి. రెండు గంటల పని. అది బుధవారం సాయంత్రం, మర్నాటి నుంచి గురు, శుక్రవారాలు అక్కడ వారాంతపు సెలవు, రూములో స్నేహితులంతా క్రికెట్ మ్యాచ్‌కి కూర్చున్నారు. మేస్టారు బయల్దేరబోతూ నా బల్ల దగ్గర ఆగారు. డ్యూటీ దిగిన కరుణమ్మ గారు కింద ఎదురుచూస్తున్నారు.

"బెంచీలు మార్చావా ప్రసాదూ?"

"మార్చానండి," అన్నాను.

శనివారం పొద్దున్నే వచ్చి మార్చేద్దాంలే అనుకున్నాను. ఆయన నా మొహంలోకి ఒకసారి చూసి, తనిఖీ చేసినవారి గడిలో సంతకం పెట్టి వెళ్ళిపోయారు. శనివారం నేను వచ్చేసరికే డ్రాయింగులు కాంట్రాక్టరుకి వెళ్ళిపోయాయి. అప్పుడైనా నోరు విప్పొచ్చు. తర్వాత సవరణ వస్తుందిలే, అప్పుడు చూసుకుందాంలే అనుకుంటూ వారాలు గడిపాను. మేస్టారిని ఈలోగా వేరే పని మీద తాయిఫ్ పంపారు. ఆయన తిరిగొచ్చేసరికి నల్ల గ్రానైట్ బెంచీలు నలభై, దీపాల వైర్లు లోపలుంచి కాంక్రీటులో బిగించేశారు.

వీధి తెరిచిన రోజు ఆసామి తల్లి, ముసలావిడ, మధ్యాహ్నం మూడు గంటల నమాజుకి షట్టర్లు పడగానే వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. రాయి చుర్రుమనడంతో కూర్చున్నంత వేగంగానూ లేవబోయింది. పక్కవాళ్ళు రెండు చేతులా పట్టుకుని లేపారు. ఎదురుగా పడమటి వరస పొడుగునా చక్కటి నీడ, అందులో ఒక్క బెంచీ లేదు. మర్నాడు మేనేజరు గదిలో డ్రాయింగు పరిచారు. గడిలో ఒకే సంతకం. తలుపు అద్దంలోంచి నాకు అంతా కనిపిస్తోంది. మేస్టారు ఆ కాగితాన్ని వేలితో ఈ చివర నుంచి ఆ చివరి దాకా నడిపించుకుంటూ చూశారు. నా పేరు చెబుతారనుకున్నాను. చెప్పలేదు. లోపలికి వెళ్ళి నేను చెప్పాలి. బయటే ఉండిపోయాను. ఇంటికి పంపేస్తారన్న భయం తప్ప ఇంకేమీ లేదు నా దగ్గర, దానికి వేరే మంచి పేరు పెట్టలేను. పిరికితనం.

ఆయనకి ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. మళ్ళీ రావడానికి లేకుండా దేశం వదిలి వెళ్ళడమన్నమాట. నాతో ఆయన అన్నది ఒకటే. "గీసింది నువ్వు. చూడకుండా చూశానన్నది నేను. అది నీ తప్పుకంటే పెద్దది."

వెళ్ళే ముందు రోజు మధ్యాహ్నం కరుణమ్మ గారికి ఆ వీధి చూపించాలన్నారు. నేనే కారులో తీసుకెళ్ళాను. చేతిసంచుల దుకాణంలో ఉండగా నమాజు పిలుపు వినిపించింది, అందరినీ బయటికి పంపి షట్టరు దించేశారు. బెంచీలన్నీ నిప్పుల్లా ఉన్నాయి. ఆయన చేతిలోని పేపరు నాలుగు మడతలు పెట్టి బెంచీ మీద పరిచి, ఆవిడని కూర్చోమని, ఎండకి అడ్డంగా ఎదురుగా నిలబడ్డారు. అరగంటా అలాగే నిలబడ్డారు. ఆయన నీడ ఆవిడ మీద పడింది. నేను ఎదురు వరస నీడలో నిలబడి చూస్తున్నాను, ఆ పద్నాలుగు మీటర్లు దాటి వెళ్ళి ఇది నా పని అండీ అని చెప్పలేదు.

ఎనిమిది నెలలకి నరసాపురంలో ఆయన గుండె ఆగిపోయింది. కరుణమ్మ గారికి దేశం దాటి వెళ్ళి తిరిగి రావడానికి కావలసిన ఎగ్జిట్ రీ-ఎంట్రీ కాగితం చేతికొచ్చి, టిక్కెట్టు దొరికి, ఊరు చేరేసరికి సమాధి కూడా అయిపోయింది. పదకొండేళ్ళ తర్వాత దొరికిన కాపురం మూడేళ్ళు. మిగిలిన రెండేళ్ళు నా క్రికెట్ మ్యాచ్‌కి పోయాయి. ఎంత గట్టిగా ఏడ్చినా ఆ లెక్క మారలేదు.

ఆవిడ దమ్మామ్ తిరిగొచ్చాక వెళ్ళి, గుమ్మంలో నిలబడే చెప్పేశాను. బెంచీలు, మిర్రర్, అబద్ధం, అన్నీ. ఆవిడ మొహంలో ఆశ్చర్యం ఏమీ కనబడలేదు.

"నాకు తెలుసు బాబూ. మేనేజరు పిలిచిన రోజే చెప్పారు," అన్నారు. "ఎప్పుడూ కాగితం చూసి సంతకం పెట్టే మనిషి. ఆ ఒక్కసారీ నిన్ను చూసి పెట్టారు," అన్నారు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. లోపలికొచ్చి అన్నం తినమన్నారు. వెళ్ళి కూర్చుని తిన్నాను.

ఇప్పుడు నా కింద తొమ్మిది మంది పనిచేస్తున్నారు. చూశాం సార్ అంటారు. కాగితం మీద తీసి ఇవ్వమంటాను, ఎర్ర పెన్సిలుతో తలుపు దగ్గర మొదలుపెట్టి నడుస్తాను. వెనక నవ్వుకుంటారని తెలుసు. ఇందాక ఈ వీధిని అడ్డంగా అడుగులతో కొలిచాను. నా అడుగు ముప్పావు మీటరు. పంతొమ్మిది పడ్డాయి. పద్నాలుగు మీటర్లు, ఇంచుమించు సరిగ్గా. ఆ మనిషి ఎవడిదో బూటు చూసి చెప్పిన లెక్క.

కరుణమ్మ గారు రిటైరై నరసాపురంలోనే ఉంటున్నారు. ఫోన్ చేశాను. అక్కడ చీకటి పడింది, ఆవిడ భోజనానికి లేవబోతున్నారట. ఎక్కడున్నావని అడిగితే, మేస్టారి వీధిలో ఉన్నానండీ, ఆయన చెప్పిన బెంచీ మీదే కూర్చున్నాను అన్నాను.

"నీడ ఉందా బాబూ?" అన్నారు.

"ఉందండీ."

"అయితే కాసేపు కూర్చో," అన్నారు.

కూర్చున్నాను. పక్కన ఇంకో ఇద్దరు కూర్చునేంత ఖాళీ ఉంది. ఎండ ఎదురు వరస దగ్గరే ఆగిపోయింది.