క్యాలెండర్ బొమ్మలో వాగు

పాశమైలారంలో మా ఇళ్లకు దగ్గర్లో రంగులు తయారుచేసే కంపెనీ ఒకటి ఉండేది. తొంభైల్లో ఒక ఏడాది వాళ్లు ఇంటింటికీ క్యాలెండర్ పంచారు. తమ రంగుల గొప్ప చూపించుకోవడానికి కాబోలు, ఇటలీలో కొన్ని వందల ఏళ్ల కిందట ఎవరో వేసిన మరియమ్మ బొమ్మ అచ్చేశారు. ఎర్ర అంగీ, నీలం ముసుగు, ఒళ్లో బిడ్డ. వెలుతురు ఒక పక్క నుంచి వచ్చి ఆ ఇద్దరి ముఖాల మీదే పడుతుంది, మిగతా గదంతా చీకటి. వెనక కిటికీలో సాయంత్రపు ఎండ, నీలం గుట్టలు, వాటి మధ్య తేటగా ఒక వాగు.

ఆ వాగును చూస్తేనే నాకు ఒళ్లు మండేది. మా వాగును పాడుచేసింది ఆ కంపెనీయే. ఒకరోజు ఎర్రగా, ఇంకోరోజు పచ్చగా, పైన నురగ. దాని ఒడ్డునే మా బావి. ఆ బావి తప్ప మా పొలానికి వేరే దిక్కు లేదు. ఆ ఏడు నాటు వేసిన వారానికే వరి మాడిపోయింది. రంగులన్నీ మా నీళ్లలో కలిపి, తేట నీళ్లు బొమ్మలో ఇచ్చారు, సిగ్గులేని జనం.

"చింపి పొయ్యిలో పెడదామే" అంటే అమ్మ వినలేదు.

"బిడ్డనెత్తుకున్న తల్లిని పొయ్యిలేస్తరా? ఏ దేవతైతేంది?" అని దేవుని పటాల పక్కన మేకు కొట్టి తగిలించింది. శుక్రవారం శుక్రవారం నొసటన కుంకుమ పెట్టేది.

ఏడాది తిరిగింది. బొట్టు పెట్టిన పటాన్ని మా దగ్గర చింపరు, చెత్తలో వేయరు, పారే నీళ్లలో వదిలేస్తారు. అమ్మ క్యాలెండర్ చుట్టుకుని వాగు దాకా వెళ్లి, అట్లాగే వెనక్కి తెచ్చింది.

"గా కంపుల ఆమెను ఎట్ల ఇడుస్త బిడ్డా?" అంటూ మళ్లీ అదే మేకుకు తగిలించింది. ఆ పూట అమ్మ కోపంతో అన్నం కూడా తినలేదు.

నాలుగు రోజులకే కంపెనీ ఆఫీసరు కొత్త క్యాలెండర్ పట్టుకుని వచ్చాడు. వాగు గురించి ఊళ్లో గొడవ లేస్తోందని ఇల్లిల్లూ తిరిగి మంచి చేసుకుంటున్నాడు.

"నీళ్లు బాగానే ఉన్నాయమ్మా, పరీక్ష చేయించాం" అన్నాడు నవ్వుతూ. ఆ నవ్వు మీదికి చెప్పు విసరాలనిపించింది నాకు.

అమ్మ కొత్తదాన్ని ముట్టుకోలేదు. గోడ మీది పాతదాన్ని తీసి అతని చేతిలో పెట్టింది.

"బాగుంటే మంచిదే సారూ. గీ తల్లికి ఏడాది సంది బొట్టు వెట్టిన. ఇగ నీళ్లల్ల ఇడవాలె. వాగుల నడుమ దాక దిగి, నీ చేతులతోని ఇడిసిరా. గప్పుడు కొత్తది తగిలిస్త."

అతను ఒకసారి తన ప్యాంటు వైపు చూసుకున్నాడు. పాత క్యాలెండర్ అరుగు మీద పెట్టి, కొత్తది చంకలో ఇరికించుకుని వెళ్లిపోయాడు.

అమ్మ పాతదాన్ని మళ్లీ అదే మేకుకు తగిలించింది. తేదీల కాగితాలన్నీ ఊడిపోయాక కూడా ఆ బొమ్మలో తల్లి ఏళ్ల తరబడి మా గోడ మీదే ఉంది. వదలడానికి నీళ్లు దొరకలేదు.