పక్క తలుపు ముందు మంచు

కెనడాలోని ఒషావాలో మేం ముగ్గురం అమ్మాయిలం అద్దెకున్న బేస్‌మెంట్ యజమానిని అంకుల్ అని పిలిచేవాళ్ళం. ఇప్పుడా మాట రాస్తుంటే కూడా నాకు ఒళ్ళు మండుతోంది. ఏ కాలేజీలో చూసినా మన పిల్లలే కనిపించే రోజులవి. గది దొరకడమే గగనం. తెలుగువాళ్ళ ఇల్లు, పైన పెద్దవాళ్ళుంటారు అని చెప్పగానే మా ఇళ్ళల్లో ఊపిరి పీల్చుకున్నారు. మేమూ ఎగిరి గంతేశాం.

ఆయన రిటైరైన ఇంజినీరు. కోస్తా మనిషి, మాట మహా తియ్యన. "మీరు టెనెంట్స్ కాదమ్మా, మా ఇంట్లో పిల్లలు" అన్నారు మొదటి రోజే. ఇంట్లో పిల్లలం కాబట్టి డ్రైవ్‌వే మీద మంచు మేమే తీయాలట. ఇంట్లో పిల్లలమే గానీ లోపలి మెట్ల మీదుగా పైకి మాత్రం రాకూడదట. కింద మేం చికెన్ వండుతాం, పైన ఆంటీ గారికి మడి. ఆ మెట్ల తలుపుకి వాళ్ళ వంటింటి వైపు నుంచి గడియ. కిటికీలు పిల్లి దూరేంత. మాకున్న దారల్లా ఇంటి పక్క తలుపొక్కటే. ఇంటి గోడకీ పొరుగువాళ్ళ కంచెకీ మధ్య ఇరుకు సందులోకి, బయటికి తెరుచుకునే తలుపది.

ఆ సందుకి సరిగ్గా పైన, ఇంటి కప్పు మీద అంకుల్ గారి సోలార్ ప్యానెళ్ళు. వాటిని కంటికి రెప్పలా చూసుకునేవారు. ఎంత కరెంటు తయారవుతోందో ఫోన్‌లో చూపించే యాప్ ఒకటుంది. పొద్దున్న లేస్తే దేవుడికన్నా ముందు దాని ముఖమే చూస్తారని ఆంటీయే చెప్పింది. డిసెంబరులో ఆ ఊళ్ళో సూర్యుడు కనిపించడమే తక్కువ. అయినా ప్యానెళ్ళ మీద మంచు పడితే ఆయనకి గుండెల మీద పడ్డట్టే ఉండేది. పొడవాటి కర్ర చివర అడ్డపలక బిగించిన రూఫ్ రేక్ పట్టుకుని, సందు మొదట్లో నిలబడి ఆ మంచును కిందికి లాగేవారు. అదంతా వచ్చి మా తలుపు ముందు పడేది.

మొదటిసారి మర్యాదగానే అడిగాను. "అంకుల్, స్నో అంతా మా డోర్ ముందే పడుతోంది. మేం బయటికి ఎట్లా రావాలి?"

"అది సౌత్ సైడ్ అమ్మా, ఎండ పడేది అటే. సూర్యుణ్ణి ఇంకో వైపుకి తిప్పమంటావా ఏంటి?" అని నవ్వారు. "యంగ్ పీపుల్ మీరు. నాలుగు సార్లు షవల్ వేస్తే అయిపోద్ది. మంచి ఎక్సర్‌సైజ్ కూడా."

గంగిరెద్దులా తల ఊపి వచ్చేశాను. మన రోగమే అది. ఒక మనిషిని అంకుల్ అన్నాక ఇక నోరు పెగలదు. యజమాని ఏ తెల్లవాడో అయ్యుంటే ఆ రోజే మొహం మీద అడిగేసేదాన్ని.

సెమిస్టరు చివర నాకు ల్యాబ్ ప్రాక్టికల్ వచ్చింది. గది తలుపు వేశాక ఎవర్నీ రానివ్వరు. అది తప్పితే ఆ సబ్జెక్టు మళ్ళీ చదవాలి, కోర్సు ఒక టర్మ్ వెనక్కి పోతుంది, స్టడీ పర్మిట్‌కి మళ్ళీ అప్లై చేసుకోవాలి. ఆ పొద్దున్న జాకెట్, బూట్లు వేసుకుని తలుపు తోశాను. కదల్లేదు. భుజం పెట్టి తోస్తే వేలు దూరేంత సందు వచ్చి, మంచు బియ్యప్పిండిలా లోపలికి రాలింది. రూమ్మేట్లు ఇద్దరూ లేచొచ్చారు. ముగ్గురం కలిసి తోస్తుంటే బయట గరగరమని చప్పుడు. ఆ మహానుభావుడు ఇంకా లాగుతూనే ఉన్నాడు!

"అంకుల్! డోర్ ఓపెన్ అయితలేదు! ఆపండి!" అని అరిచాను.

"ఒక్క నిమిషం అమ్మా, టాప్ రో మిగిలింది!"

ఆ వెంటనే పైనుంచి మరో కుప్ప దబ్బున పడింది. ఉన్న కాస్త సందూ మూసుకుపోయింది.

మెట్లెక్కి వంటింటి తలుపు దబదబా బాదాను. ఆంటీ గడియ తీసి కొంచెం తెరిచింది. తలకి తడి తువ్వాలు చుట్టుకుని ఉంది. లోపల్నుంచి అగరొత్తుల వాసన.

"పూజలో ఉన్నానమ్మా. కాసేపాగు, అంకుల్ వచ్చి తీస్తారు."

"ఎగ్జామ్ ఉంది ఆంటీ, బస్ మిస్సయితది. మీ ముందు డోర్ నుంచి పోతా."

"ఆ బూట్లతో వంటింట్లోకా? రామ రామ!"

నా చేతులు వాటంతటవే లేసుల మీదికి వెళ్ళాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ఉన్న అలవాటు. ఒక ముడి విప్పాను కూడా. అప్పుడు బయట మళ్ళీ గరగర వినిపించింది. లేచి తలుపు తోసుకుని, పొయ్యి పక్కనుంచి, దేవుడి అలమర ముందునుంచి, బూట్లతోనే ముందు తలుపు దాకా నడిచాను. వెనక ఆంటీ కెవ్వుమంది. నాకు భయం వేయలేదు సరికదా, చెప్పొద్దూ, హాయిగా అనిపించింది.

అంకుల్ నన్ను చూసి రేక్ దించారు. "వెళ్తున్నావా? ఆ డ్రైవ్‌వే కాస్త తీసేసి వెళ్ళమ్మా, కారు బయటికి తీయాలి."

"ముందు మా డోర్ తీయండి! లోపల ఇద్దరున్నరు!" అని అరిచి, పిక్కల్లోతు మంచులో బస్‌స్టాప్‌కి పరుగెత్తాను.

పరీక్ష రాశాను. బయటికొచ్చి ఫోన్ ఆన్ చేస్తే వరసగా మెసేజ్‌లు. మొదటివన్నీ ఒకే అమ్మాయి పెట్టిన తిట్లు. నీకు బుద్ధుందా, ఆంటీ ఇల్లంతా కడుగుతూ ఏడుస్తోంది, మమ్మల్ని కూడా వెళ్ళగొడితే ఎక్కడికి పోతాం అని. తర్వాత, తలుపు ఇంకా రావట్లేదు, ఇద్దరి పార్ట్‌టైమ్ షిఫ్టులూ పోయాయి అని. చివరిది: మెట్ల తలుపు దగ్గర డ్రిల్లింగ్ చప్పుడు వస్తోంది.

నేను ఇల్లు చేరేసరికి సందులో మంచు నడుం ఎత్తున అలాగే ఉంది. పైన ప్యానెళ్ళు మాత్రం తోమిన కంచాల్లా తళతళలాడుతున్నాయి. షవల్ కోసం గరాజ్‌లోకి వెళ్తే అంకుల్ డ్రిల్లింగ్ మెషీన్ వైరు చుట్టుకుంటున్నారు.

"నువ్వు చేసిన పనికి ఆంటీకి బీపీ పెరిగింది. ఆ డోర్‌కి ఇంకో గడియ బిగించాను. ఇక కిందనుంచి ఎవరూ పైకి రాలేరు."

"ఇటు స్నో, అటు గడియ. మధ్యలో ఇద్దరున్నరు. లోపల నిప్పంటుకుంటే ఏం చేస్తరు?"

ఆయనకి చీమ కుట్టినట్టయినా లేదు. "ఇంట్లో అలాంటి అశుభం మాటలు మాట్లాడకూడదమ్మా" అన్నారు.

షవల్ లాక్కుని వెళ్ళి తవ్వడం మొదలుపెట్టాను. పొద్దున మెత్తగా రాలిన మంచు ఇప్పుడు గట్టిపడిపోయింది. లోపల్నుంచి వాళ్ళు తడుతూనే ఉన్నారు. వచ్చేశా, వచ్చేశా అంటూనే తవ్వాను. తలుపు మూరెడు తెరుచుకోగానే, ముందుగా బయటపడింది నన్ను తిట్టిన అమ్మాయే. జాకెట్ లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. మంచులో అలాగే నిలబడి గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"ఆ డోర్ మూయకు, పట్టుకునే ఉండు. నా సూట్‌కేస్ తెచ్చుకుంటా" అంది.